ఎండలు ముదరక ముందే: ‘ఛార్జర్ పెట్టే వాడుతున్నాం కదా’ అనేవాళ్లకు

పోయిన వారం మా పక్కింటి అబ్బాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. నత్తనడక నడుస్తోందట. రెండుసార్లు విండోస్ కొత్తగా ఎక్కించాడు, ర్యామ్ పెంచాడు, డబ్బు పోయింది కానీ వేగం రాలేదు. బల్ల మీద పెట్టగానే ఒక కాలు పొట్టిదైన పీటలా ఊగింది. విప్పి చూస్తే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. “అది పోయి ఏడాదైంది అంకుల్, ఛార్జర్ పెట్టే వాడుతున్నాను కదా” అన్నాడు.

కొంపలు ముంచేది ఈ మాటే. 2022 ఏప్రిల్‌లో కడప జిల్లాలో ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఛార్జింగ్‌లో ఉన్న లాప్‌టాప్ పేలి తీవ్రంగా గాయపడింది. అప్పుడు నాలుగు రోజులు అందరం భయపడ్డాం. ఆ తర్వాత లాప్‌టాప్‌లు మళ్లీ పరుపుల మీదికే చేరాయి.

ఫ్యాన్‌లో దుమ్ము చేరితే లాప్‌టాప్ నెమ్మదిస్తుందన్న సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. తెలియనిది ఇది: ఛార్జర్ పెట్టినంత మాత్రాన బ్యాటరీకి పని తప్పదు. ప్రాసెసర్ జోరందుకున్నప్పుడు అడాప్టర్ ఇచ్చే కరెంటు చాలకపోతే, చాలా మోడళ్లు ఆ కొరతను బ్యాటరీ నుంచే పూడ్చుకుంటాయి. ముసలి బ్యాటరీ మీద భారం పడగానే వోల్టేజీ జారిపోతుంది. యంత్రం హఠాత్తుగా ఆగిపోకుండా మదర్‌బోర్డు ప్రాసెసర్‌కు కళ్లెం బిగిస్తుంది. పాత బ్యాటరీలున్న ఐఫోన్ల వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది, అదీ ఇలాంటిదే.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. ఎంత పని పెట్టినా సీపీయూ (అంటే ప్రాసెసర్) వేగం 0.4 దగ్గరో 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరో మొండికేసి కూర్చుంటే వైరస్ అనుకోకండి. ముందు అడాప్టర్ చూడండి. 65 వాట్లది కావలసినచోట 45 వాట్లది పెట్టినా ఇదే జబ్బు. అది సరైనదే అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్టు తీయండి. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జి) 50,000 ఉన్నచోట ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 20,000కు పడిపోయిందా? జబ్బు బ్యాటరీదే, ఇక ఫార్మాట్లు ఆపండి.

వేగం పోతే పోయింది, అసలు భయం ఉబ్బు. నిండా ఛార్జయి, వేడిలో, నెలల తరబడి ఉన్న లిథియం సెల్‌లో ద్రావణం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. ఎప్పుడూ ఛార్జర్ పెట్టి ఉంచడమంటే సెల్‌ను సరిగ్గా ఆ స్థితిలో పడేయడమే. మామూలు లిథియం అయాన్ సెల్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో గాలే ఆ దరిదాపుల్లో ఉంటుంది. పరుపులో కూరుకుపోయిన లాప్‌టాప్ అడుగున ఎంతుంటుందో మీరే లెక్కేసుకోండి.

కాబట్టి వినండి.

ఉబ్బు కనిపించిన క్షణమే ఛార్జర్ తీసి, ఆపేయండి. ఫైళ్లు కాపీ చేసుకోవాలి, ఒక్క గంట అనకండి. చాలా మోడళ్లలో డిస్కును తర్వాత విప్పించి ఫైళ్లు తీసుకోవచ్చు.

మూత బలవంతంగా నొక్కి మూయకండి.

టచ్‌ప్యాడ్ బిగుసుకుపోతే ఉబ్బునే అనుమానించండి. చాలా మోడళ్లలో బ్యాటరీ దాని కిందే ఉంటుంది.

సూదితో పొడిచి గాలి తీయకండి. నవ్వకండి, అలా చేయబోయినవాళ్లను చూశాను.

ఫ్రిజ్‌లో పెట్టకండి.

ఎండలో నిలిపిన కారులో వదలకండి.

ఛార్జింగ్‌లో ఉండగా పరుపు, దిండు, ఒడి వద్దు. రాత్రంతా అసలే వద్దు.

80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే ఈరోజే పెట్టుకోండి.

సగం ధరకు దొరికే పేరూ ఊరూ లేని బ్యాటరీ కొనకండి.

పాతదాన్ని చెత్తబుట్టలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులది. సర్వీస్ సెంటర్‌లో అడగండి.

పోయిన బ్యాటరీని మార్చండి. ఇప్పుడు డబ్బు లేదంటే కనీసం విప్పించి తీసేయించండి. అప్పుడు కొన్ని మోడళ్లు ఇంకా నెమ్మదిస్తాయి, కొన్ని అసలు వెలగవు. భరించండి. ఛార్జర్ పెట్టే వాడుతున్నాం కదా అని మాత్రం అనకండి.

పొగ మొదలైతే చేత్తో ఎత్తి బయట పడేయబోకండి. ఆ పొగ విషం, పీల్చకండి. చేతికందే దూరంలో ఉంటే మెయిన్ ఆపండి, ఇంట్లో అందరినీ బయటికి తీసుకెళ్లండి, 101కు ఫోను చేయండి. అందులో మీ ప్రాజెక్టు రిపోర్టు ఉన్నా సరే.