ఏఐ ఏజెంట్ కోసం టూల్ వివరణ రాయడం: రైళ్ల వెతుకులాట ఉదాహరణగా

ఏఐ ఏజెంట్ అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్; ఆ పనుల కోసం అది పిలిచే ఫంక్షన్లే టూల్స్. దాని వెనుక పనిచేసే భాషా మోడల్‌కు టూల్ కోసం మనం రాసిన కోడ్ కనిపించదు. టూల్ పేరు, దాని వివరణ, అది తీసుకునే పారామీటర్ల (నింపాల్సిన విలువల) స్కీమా, అంటే వాటి పేర్లు, రకాల పట్టిక, మాత్రమే దానికి అందుతాయి. ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో, అందులో ఏ విలువలు నింపాలో ఆ కాస్త సమాచారాన్ని చదివే అది తేల్చుకుంటుంది. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో ఫంక్షన్ కాలింగ్‌ను (మోడల్ టూల్స్‌ను పిలిచే పద్ధతిని) తెచ్చినప్పుడు ఉన్న ఈ ఏర్పాటు, ఆంత్రోపిక్ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను (ఏఐ అప్లికేషన్లను టూల్స్‌తో కలిపే ఉమ్మడి ప్రమాణాన్ని) ప్రకటించిన తరువాత కూడా మారలేదు. అయినా సిస్టమ్ ప్రాంప్ట్‌ను (మోడల్‌కు ముందుగా ఇచ్చే సూచనలను) రోజుల తరబడి చెక్కేవారు కూడా టూల్ వివరణను ఒక్క వాక్యంతో సరిపెట్టడం తరచుగా కనిపిస్తుంది.

రెండు స్టేషన్ల మధ్య రైళ్లను వెతికే టూల్‌ను తీసుకుందాం. దానికి "రెండు స్టేషన్ల మధ్య రైళ్లను వెతుకుతుంది" అని రాస్తే అందులో తప్పేమీ లేదు, కానీ "ఎల్లుండి హైదరాబాద్ నుంచి బెజవాడకు రైళ్లున్నాయా?" అన్న ప్రశ్న రాగానే ఆ వాక్యం చాలదు. హైదరాబాద్ నగరంలో సికింద్రాబాద్, కాచిగూడ, జనం నాంపల్లి అని పిలిచే హైదరాబాద్ స్టేషన్ వేర్వేరు కోడ్‌లతో ఉన్నాయి. మోడల్ ఊరి పేరు చూసి నాంపల్లి స్టేషన్‌దైన హెచ్‌వైబీ అన్న ఒక్క కోడ్ నింపితే, సికింద్రాబాద్ నుంచి మాత్రమే బయలుదేరే రైళ్లు ఫలితంలో రాకుండా పోవచ్చు. విజయవాడ కోడ్ బీజడ్‌ఏ. అది బెజవాడ అన్న పాత పేరు నుంచి వచ్చింది కాబట్టి, నేటి పేరులోని అక్షరాలను బట్టి ఊహించేవారెవరైనా పొరబడతారు. అందువల్ల బయలుదేరే స్టేషన్ పారామీటర్ పక్కన ఇలా రాయాలి: "స్టేషన్ కోడ్ మాత్రమే ఇవ్వాలి. కోడ్ తెలియకపోతే ఊహించకుండా ముందుగా స్టేషన్ కోడ్‌ను వెతికిచ్చే టూల్‌ను పిలవాలి. ఊళ్లో ఒకటికి మించి స్టేషన్లు ఉంటే ఒక్కొక్క కోడ్‌తో విడివిడిగా వెతకాలి."

తేదీ దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 05/06/2025 అంటే మనకు జూన్ 5, అమెరికావారికి మే 6. సంవత్సరం, నెల, రోజు అన్న వరుసను చెప్పి, 2025-06-05 అని ఒక ఉదాహరణ ఇస్తే ఈ చిక్కు తొలగిపోతుంది. అయితే ఆ తేదీ దేనిదన్నది కూడా చెప్పాలి. రాత్రి ఒక ఊళ్లో బయలుదేరిన రైలు అర్ధరాత్రి దాటాక విజయవాడ చేరితే, అక్కడ ఎక్కేవారి తేదీ రైలు బయలుదేరిన తేదీకి మరుసటి రోజు అవుతుంది. మీ టూల్ ఈ రెండింటిలో దేన్ని అడుగుతోందో వివరణలో లేకపోతే ప్రయాణికుడు ఒక రోజు తేడాతో స్టేషన్‌కు వెళ్తాడు. ఇక "ఎల్లుండి" ఏ తేదీ అవుతుందో లెక్కవేయడానికి మోడల్‌కు ఈ రోజు తేదీ తెలియాలి. దాన్ని సిస్టమ్ ప్రాంప్ట్‌లో ఇవ్వాలి.

టూల్ చేయని పనులను కూడా పేర్కొనండి. ఇది ఖాళీ సీట్లు చెప్పదని, రైలు ఇప్పుడు ఎక్కడుందో చెప్పదని, ఆ పనులకు ఫలానా టూల్స్ ఉన్నాయని రాయకపోతే మోడల్ టైమ్‌టేబుల్‌ను చూసి సీట్లున్నాయని చెప్పే ప్రమాదం ఉంది. రెండు టూల్స్ మధ్య తేడాను మీరే రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే, వాటిని ఒక్కటిగా కలపడం మేలు.

ఫలితం గురించి చాలామంది అసలు రాయరు. నా దృష్టిలో అతి ఖరీదైన పొరపాటు ఇదే. రైళ్లు లేనప్పుడూ ఖాళీ జాబితా, సర్వర్ అందనప్పుడూ ఖాళీ జాబితా వస్తే, మోడల్ రెండు సందర్భాల్లోనూ "రైళ్లు లేవు" అనే చెబుతుంది. ముందు కోడ్‌లో ఆ రెండింటినీ వేరుచేసి, తరువాత వివరణలో "ఖాళీ జాబితా వస్తే ఆ రోజు నేరుగా వెళ్లే రైలు లేదని అర్థం, లోప సందేశం వస్తే వివరాలు అందలేదని చెప్పాలి, రైళ్లు లేవని చెప్పరాదు" అని చేర్చాలి.

టికెట్ బుక్ చేసే టూల్ అయితే "వినియోగదారు ఒప్పుకున్న తరువాతే పిలవాలి" అని రాయడం అవసరమే, కానీ వివరణ తాళం కాదు. డబ్బు కదిలే చోట ఆ అనుమతిని కోడ్ కూడా తనిఖీ చేయాలి.

వివరణ మొత్తం సాధారణంగా ప్రతి అభ్యర్థనతో పాటు మోడల్‌కు వెళ్తుంది, టోకెన్లు (మోడల్ చదివే పాఠాన్ని లెక్కించే చిన్న ముక్కలు) ఖర్చవుతాయి. అందుకని దాన్ని పేజీలకొద్దీ పెంచనక్కరలేదు, అలాగని పొదుపు పేరుతో పైన చెప్పినవి తీసేయకూడదు.

రాసిన తరువాత, మీ వినియోగదారులు నిజంగా మాట్లాడే తీరులో ఇరవై ప్రశ్నలు సిద్ధం చేసుకోండి: "రేపు పొద్దున వైజాగ్‌కి ఏమున్నాయి?" వంటివి, టూల్‌ను అసలు పిలవకూడనివి కూడా కొన్ని. ప్రతి ప్రశ్నకు మోడల్ ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో లాగ్‌లో చూడండి. తప్పు కనిపించినప్పుడు ఒకసారికి ఒక్క వాక్యమే మార్చి, ఇరవై ప్రశ్నలనూ మళ్లీ నడపండి. వైజాగ్ కోసం చేర్చిన మాట నాంపల్లి ప్రశ్నను చెడగొట్టిందేమో అప్పుడే తెలుస్తుంది.