మోడల్‌లో చల్లగా, ఇంట్లో సెగగా: పాత ఇళ్ల మరమ్మతుల్లో డిజిటల్ మోడల్ చిక్కులు, పరిష్కారాలు

నెల్లూరు, ఒంగోలు వైపు పాతికేళ్ల కిందట కట్టిన డాబా ఇళ్లను ఇప్పుడు చాలామంది బాగు చేయించుకుంటున్నారు. మిద్దె మీద ఇన్సులేషన్, కొత్త కిటికీలు, సన్‌షేడ్లు, సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తున్నారు. సుత్తి పట్టే ముందే ఇంటిని కంప్యూటర్‌లో కట్టి చూసుకుంటే ఏ పనికి ఎంత ఫలితమో తెలుస్తుంది. సామాను ముందే ఆర్డర్ ఇవ్వొచ్చు, ఇంట్లోవాళ్లు దుమ్ములో బతకాల్సిన రోజులు తగ్గుతాయి. బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) అంటున్నది ఈ పద్ధతినే. ఐరోపా యూనియన్ డబ్బుతో 2018లో మొదలైన బిమ్-స్పీడ్ ప్రాజెక్టు ఉద్దేశం కూడా కరెంటు, ఇంధనం ఆదా చేసే మరమ్మతులను త్వరగా ముగించడమే. అయితే అక్కడివాళ్ల బాధ చలి, మన బాధ ఎండ, ఉక్క. సాఫ్ట్‌వేర్‌లో ముందే నింపి ఉండే అంకెలు చాలావరకు చలిదేశాల ఇళ్లవి. వాటిని అలాగే వదిలేస్తే మోడల్ ఎంత అందంగా ఉన్నా మన ఇంటి గురించి చెప్పదు.

స్కాన్‌లో నేల కింద ఇంకో హాలు కనిపిస్తోంది

ఫోన్‌లో ఉండే లైడార్‌తోనో (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్), అద్దెకు తెచ్చిన లేజర్ స్కానర్‌తోనో హాలు స్కాన్ చేస్తే నేల ఉండాల్సిన చోట చిల్లులు వస్తాయి, లేదా నేల కింద తలకిందులుగా మరో గది తేలుతుంది. దీనికి కారణం పాలిష్ పట్టిన నల్ల గ్రానైట్. చీమకుర్తి గెలాక్సీ పరిచిన ఇళ్లలో ఇది మామూలే. లేజర్ కిరణం ఆ రాయి మీద ప్రతిఫలించి సీలింగ్‌ను తాకి వస్తుంది, పరికరమేమో ఆ సీలింగ్ నేల కిందే ఉందనుకుంటుంది.

నేల మీద పాత దుప్పట్లో, న్యూస్‌పేపర్లో పరిచి మళ్లీ స్కాన్ చేయండి. బీరువా అద్దానికి, టీవీకి గుడ్డ కప్పండి. ఫోన్ లైడార్ 5 మీటర్లు దాటితే సరిగా పట్టదు కాబట్టి గోడలకు దగ్గరగా నడవండి. ఇల్లంతా తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ముగించండి. లేకపోతే చివరి గది పక్కకు జరిగి కూర్చుంటుంది. ఆఖర్న రెండు మూడు గదుల్ని టేపుతో కొలిచి సరిచూసుకోండి. స్కాన్ ఎందుకులే, అప్రూవల్ ప్లాను చూసి గీసేద్దాం అనుకోవద్దు. ప్లానులో ఉన్నట్టే కట్టిన ఇల్లు చాలా అరుదు.

పడమటి పడగ్గదే ఇంట్లోకెల్లా చల్లనిది అంటోంది

సాయంత్రం ఆ గదిలో కాలు పెట్టలేమని ఇంట్లోవాళ్లు చెబుతుంటే మోడల్ ఇలా అంటోందంటే, ముందు ఉత్తరం చూడండి. ప్లాను గీసేవాళ్లు చాలామంది వీధి వైపును కాగితం అడుగున పెడతారు. సాఫ్ట్‌వేర్ మాత్రం కాగితం పైభాగమే ఉత్తరం అనుకుంటుంది. ఫోన్ దిక్సూచి ఇనుప గేటు దగ్గర తప్పు చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్మకుండా, ఉపగ్రహ చిత్రంలో ప్రహరీ గోడ ఏ కోణంలో ఉందో కొలిచి మోడల్‌లో ఇవ్వండి.

ఉత్తరపు కిటికీకి సన్‌షేడ్ దండగ అనే మాట కూడా మన దగ్గర చెల్లదు. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం పక్కనే ఉంటాడు. అందులోనే రోహిణి కార్తె కూడా ఉంది.

పక్కింటి గోడను, పెద్ద చెట్టును కూడా మోడల్‌లో పెట్టండి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట లాంటి ఇరుకు వీధుల్లో ఆ నీడ లెక్కలోకి రాకపోతే, ఎండే పడని గోడకు ఖర్చు పెట్టమని మోడల్ సలహా ఇస్తుంది.

మిద్దె ఇన్సులేషన్‌తో పెద్దగా లాభం లేదంటోంది

అన్నిటికంటే నష్టం చేసేది ఈ తప్పే. పై అంతస్తులో ఉండేవాళ్ల ఉక్కకు మూలం మిద్దె. అక్కడ లాభం లేదని మోడల్ అంటే జనం ఆ డబ్బుతో ఇంకో ఏసీ కొనుక్కుంటారు.

ఇందులో రెండు కారణాలు కలిసి ఉంటాయి. మొదటిది, సాఫ్ట్‌వేర్ ఇచ్చే రెడీమేడ్ రూఫ్‌లో ఇన్సులేషన్ పొర ముందే ఉంటుంది. ఉన్నదాని మీద మళ్లీ వేస్తే లాభం ఎక్కడ కనిపిస్తుంది? పొరలు తెరిచి చూసి, మీ ఇంటి పొరలు ఇవ్వండి. అడుగున ప్లాస్టరింగ్, 5 అంగుళాల స్లాబ్, పైన సిమెంటు పూత మాత్రమే ఉంటే యూ-వాల్యూ 3 పైనే వస్తుంది. యూ-వాల్యూ అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందనే లెక్క. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి ప్రకారం ఇంటి మిద్దెకు అది 1.2 దాటకూడదు. 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీటు పరిస్తే 1 దగ్గరికి, 50 మి.మీ. పరిస్తే సుమారు 0.6కు దిగుతుంది. మొదటి అంగుళమే ఎక్కువ పని చేస్తుంది కాబట్టి, డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు మందం తగ్గించైనా మిద్దె మొత్తం కప్పించుకోవడం మేలు.

రెండో కారణం తొందరగా దొరకదు. గంటవారీ గ్రాఫ్ చూడండి. గదిలో వేడి మధ్యాహ్నం 2 గంటలకే తారస్థాయికి చేరి సాయంత్రానికి దిగిపోతోందా? అయితే స్లాబ్‌ను బరువు లేని పొరగా ఇచ్చినట్టే. ఇంటి వేడి, కరెంటు లెక్కలు వేసే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో వేడిని ఆపే గుణం ఒక్కటే ఇచ్చి ముందుకు పోయే సౌలభ్యం ఉంది. దాన్ని వాడితే కాంక్రీటు పగలంతా వేడిని తాగి రాత్రికి కక్కడం లెక్కలోకి రాదు. స్లాబ్‌కు మందం, సాంద్రత, విశిష్టోష్ణం (కిలో పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి కావాలో చెప్పే అంకె) మూడూ ఇవ్వండి. రాత్రి 9 గంటలకు సీలింగ్‌కు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టి, మోడల్ చెప్పిన అంకెతో పోల్చండి. మిద్దె కింది గదుల్లో చంటిపిల్లలకు నిద్ర పట్టనిది ఆ వేళే. ఆ వేళ లెక్క సరిపోతేనే మిగతాది నమ్మండి.

తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేసి చూసేటప్పుడు ఎండను ఎంత తిప్పికొడుతుందో కొత్త డబ్బా మీద రాసిన విలువ ఇవ్వొద్దు. దుమ్ముకు, వానకు అది మసకబారుతుంది, కొంచెం తగ్గించే ఇవ్వండి. మూలాపేట, రంగనాయకులపేట లాంటి పాత పేటల్లో దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు మిద్దె అయితే, ఇన్సులేషన్ మీద పరిచే టైల్స్ బరువును ఆ దూలాలు మోస్తాయో లేదో ఇంజినీరు చూశాకే మిగతా మాట.

మోడల్ చెప్పిన యూనిట్లకూ బిల్లుకూ పొంతన లేదు

నెల్లూరులో ఎస్పీడీసీఎల్, ప్రకాశంలో సీపీడీసీఎల్ అనే పంపిణీ సంస్థలు కరెంటు బిల్లులు ఇస్తాయి. 12 నెలల బిల్లులు ముందు పెట్టుకోండి. మోడల్ చాలా ఎక్కువ చూపిస్తే, ఇల్లంతా రోజంతా ఏసీలో ఉంటుందన్న అంచనా అందులో దాగి ఉంటుంది. మన ఇళ్లలో ఏసీ ఒక గదిలో, రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా నడుస్తుంది. మిగతా వేళల్లో ఫ్యాను, తెరిచిన కిటికీలు. ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని అడిగితే ఏ గదిలో ఏది ఎప్పుడు వేస్తారో గంటలవారీగా చెప్పేస్తారు. ఏసీ వేయని జనవరి బిల్లుతో ఫ్రిజ్, లైట్లు, మోటారు, గీజర్ లెక్క సరిచేయండి. అది కుదిరాక మే నెలను ముట్టుకోండి.

వాతావరణ ఫైలు కూడా చూసుకోండి. చేతికందిందని హైదరాబాదుది పెడితే మన గాలిలో తేమ లెక్కలోకి రాదు. నెల్లూరుకు విడిగా ఫైలు దొరుకుతుంది, అదే వాడండి. అయితే ఆ ఫైలులో ఉండేది సగటు ఏడాది. వడగాడ్పులు వీచే వారాల కోసం ఉష్ణోగ్రత పెంచి ఇంకోసారి నడపండి.

ఎనర్జీ సాఫ్ట్‌వేర్‌లోకి పంపితే ఫైలు తెరుచుకోవడం లేదు

గదుల హద్దులు మూసుకోకపోవడమో, కప్‌బోర్డులు, పైకప్పు డిజైన్లు, తలుపు గొళ్లాలు కూడా గీసేయడమో జరిగి ఉంటుంది. లెక్క కోసం విడిగా బోడి మోడల్ ఒకటి ఉంచుకోండి. గోడలు, మిద్దె, కిటికీలు, నీడనిచ్చేవి చాలు.

కొత్త కిటికీలు వచ్చాయి, పట్టడం లేదు

మోడల్‌లో కిటికీ మూలలు సరిగ్గా ఉంటాయి, పాత గోడలో అలా ఉండవు. వెడల్పు పైన, మధ్యన, కింద కొలవండి. ఎత్తు కూడా మూడు చోట్ల, తర్వాత మూల నుంచి మూలకు రెండు కొలతలు. వెడల్పుల్లో చిన్నది, ఎత్తుల్లో చిన్నది తీసుకుని చుట్టూ 5 నుంచి 10 మి.మీ. సందు వదిలి ఆర్డర్ ఇవ్వండి. ప్రతి కిటికీకి మోడల్‌లో ఒక నంబరు ఇచ్చి అదే నంబరు గోడ మీద మార్కర్‌తో రాయండి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేము ఒకసారి ఫ్యాక్టరీలో తయారయ్యాక తగ్గించడం కుదరదు.

సైటులో మోడల్ ఎవరూ చూడడం లేదు

"సార్, ఈ బొమ్మ మాకెందుకు, ఎన్ని అంగుళాలో చెప్పండి" అంటాడు మేస్త్రి. ఆయన అడిగింది న్యాయమే. మిల్లీమీటర్లను అడుగులు, అంగుళాల్లోకి మార్చి గదికొక కాగితం ప్రింటు తీసి ఆ గది గోడకే అంటించండి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది కొత్తది అన్నవి మూడు రంగుల్లో ఉండాలి.

పనుల వరసలో తప్పు కూడా ఇక్కడే బయటపడుతుంది. మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్, ఇన్సులేషన్, టైల్స్ అయ్యాక సోలార్ వాళ్లు వచ్చి స్టాండు కాళ్లకు రంధ్రాలు వేస్తే చేసిన పని నీళ్లపాలే. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది కాబట్టి, ఈ ఏడాది పెట్టించకపోయినా ఆ కాళ్ల చోట్లు మోడల్‌లో గుర్తించి దిమ్మెలు ముందే కట్టించండి. వాటర్ ట్యాంకు నీడ ప్యానెళ్ల మీద పడుతుందేమో అప్పుడే తేలుతుంది. మన వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అందుకే మిద్దె పని సెప్టెంబరులోపు ముగిసేలా షెడ్యూలు వేయండి.

పని అయ్యాక గదిలో బూజు వాసన వస్తోంది

సందులన్నీ మూసేశాం, తేమ పోయే దారి లేదు. చాలా మోడళ్లు వేడి లెక్క చెప్పి తేమను వదిలేస్తాయి. బాత్‌రూముకు, వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించండి. బయటి గాలి గదికంటే చల్లగా ఉండే గంటలేవో మోడల్‌లో చూసి, ఆ వేళల్లో ఎదురెదురు కిటికీలు తెరవమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. వాసన ఒక్క గోడ దగ్గరే వస్తుంటే అది లీకేజీ కావచ్చు, పెయింటు వేయకముందే ఆ గోడలో పైపు లైను ఎటు పోతుందో మోడల్‌లో వెతకండి.