రేవు మెట్ల మీద పాకుడు: ఎందుకు పడుతుంది, ఎలా వదిలించాలి

ధవళేశ్వరం నుంచి కిందికి పారే కాలువల మీద రేవు లేని ఊరు అరుదు. ఆ మెట్ల మీద జారి పెద్దవాళ్లు చేతులు విరగ్గొట్టుకోవడం చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

సమస్య: మెట్టు శుభ్రంగానే కనిపిస్తుంది, కాలు పెడితే జారుతుంది.

కారణం: పాకుడు పచ్చగానే ఉండాలని లేదు. లేత గోధుమ రంగు పొర ఉంటే అది చాలావరకు డయాటమ్‌లదే. ఇవి ఒంటికణం నాచులు, ఒంటి చుట్టూ గాజులాంటి సిలికా పెంకు ఉంటుంది. ముందు బ్యాక్టీరియా రాతి మీద పలచటి పొర కడుతుంది, దాని మీద ఇవి చేరతాయి. వీటిలో చాలా రకాలకు పెంకు పొడవునా సన్నని చీలిక ఉంటుంది. అందులోంచి జిగురు వదులుతూ రాతికి అంటుకుంటాయి. మన కండరాల్లో ఉండే ఆక్టిన్, మయోసిన్ ప్రోటీన్లే లోపల ఆ జిగురును వెనక్కి లాగుతాయని, దాంతో కణం ముందుకు జారుతుందని శాస్త్రవేత్తల వివరణ. కాళ్లూ తోకా లేకుండానే సెకనుకు కొన్ని మైక్రోమీటర్లు (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కదులుతాయి! వెళ్లిన దారంతా జిగురు మిగులుతుంది. మన కాలు జారేది ఆ జిగురు మీదే.

పరిష్కారం: కొబ్బరి పీచు, ఇసుక వేసి గట్టిగా రుద్దాలి. ఇనుప బ్రష్ ఉంటే ఇంకా మంచిది. మెట్ల అంచులు, రాతి సందులు వదలకండి, అక్కడ మిగిలినవే మళ్లీ పాకుతాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు రుద్ది, బాగా ఎండనివ్వండి.

సమస్య: ఇంటి సిమెంటు తొట్టిలో బ్లీచింగ్ వేసినా నాలుగు రోజులకే మళ్లీ జారుడు.

కారణం: బ్లీచింగ్ కణాలను చంపుతుంది. జిగురు గోడకే ఉంటుంది, కొత్త కణాలు దాన్నే పట్టుకుంటాయి.

పరిష్కారం: ముందు రుద్ది కడగండి, తర్వాతే బ్లీచింగ్. దాన్ని యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. కాలువ మెట్ల మీద మాత్రం అసలు చల్లొద్దు. దిగువన అదే నీళ్లు తాగుతారు, చేపలూ ఉంటాయి. తొట్టి మీద ఎండ పడకుండా మూత వేస్తే వెలుగు అందక పాకుడు తగ్గుతుంది.

సమస్య: చెరువు అడుగున ఉన్న గోధుమ పొర మధ్యాహ్నానికి పెచ్చులుగా తేలుతోంది.

కారణం: ఎండకు అది విడుదల చేసే ఆక్సిజన్ బుడగలు జిగురులో చిక్కుకుని పొరను పైకి లేపుతాయి.

పరిష్కారం: కుళ్లకముందే వలతో తీసేయండి. నీటి లోతు తగ్గితే అడుగుకు వెలుగు ఎక్కువ చేరుతుంది కాబట్టి లోతు పడిపోనివ్వకండి.