లోగో వెనక తెల్ల డబ్బా పోవాలంటే

ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టెకి లోగో చేశాను. తీరా ఆకుపచ్చ పెట్టె మీద పెట్టి చూస్తే కొబ్బరిచెట్టు బొమ్మ చుట్టూ తెల్లగా ఓ డబ్బా!

ముందు జేపీజీ ఫైలు మాట మర్చిపోండి, దానికి పారదర్శకత (వెనకది కనపడేలా ఖాళీగా ఉండటం) ఉండదు. పారదర్శకత ఉండే పీఎన్‌జీ ఫైల్లోనూ తెలుపు వస్తోందంటే దొంగ లేయర్లలోనే, అంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరల్లోనే ఉన్నాడు. ఫొటోషాప్‌లో అట్టడుగున తాళం గుర్తుతో బ్యాక్‌గ్రౌండ్ అనే లేయర్ ఉంటుంది, దాని పక్కన కన్ను గుర్తు నొక్కి ఆపేస్తే వెనక బూడిద, తెలుపు గళ్లు కనపడాలి. గళ్లు రాలేదా, ఇంకో తెల్ల లేయర్ ఏదో ఉన్నట్టే, ఒక్కో కన్నూ ఆపుకుంటూ పోతే దొరికిపోతుంది. ఆపైన ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో పీఎన్‌జీ ఎంచుకుని ట్రాన్స్‌పరెన్సీ టిక్ ఉందో లేదో చూసుకోండి.

అదే ఇలస్ట్రేటర్‌లో చేసుంటే, అక్కడ కనపడే తెలుపు ఆర్ట్‌బోర్డుది (బొమ్మ గీసే కాగితం లాంటిది), లేయర్ కాదు. ఎక్స్‌పోర్ట్‌లో బ్యాక్‌గ్రౌండ్ కలర్ ట్రాన్స్‌పరెంట్ పెట్టండి. అయినా పోకపోతే కంట్రోల్ వై కొట్టండి, దాక్కున్న తెల్ల డబ్బా గీతలుగా బయటపడుతుంది.

నా విషయంలో ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి, అమలాపురంలో ప్రింట్ చేసేవాళ్లకి చాట్‌లో ఫొటోగా పంపడమే కొంప ముంచింది, ఆ చాట్ యాప్ దాన్ని కుదించి జేపీజీ చేసేసింది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్లింది.