గొంతు సాధన – 3: పళ్లు తోముకున్నాక ఇరవై నిమిషాలు

మొదటి పాఠంలో మీ శ్రుతి వెతుక్కున్నారు. రెండో పాఠంలో ఊపిరి నింపుకోవడం, నెమ్మదిగా వదలడం చూశారు. ఈ వారం ఆ రెండింటినీ రోజువారీ సాధనలోకి తెద్దాం. మొత్తం 20 నిమిషాలు. గంట కూర్చోగలమనే ఉత్సాహవంతులు కూడా మొదటి నెల 20 దగ్గరే ఆగాలి. నా దగ్గర గంటతో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది పదో రోజుకు కనబడలేదు.

ఎప్పుడు చేయాలి? తెల్లవారుజామున అంటారు పెద్దలు. మంచి మాటే. కానీ ఒంగోలులో నా దగ్గర నేర్చుకునే ఒక బస్సు కండక్టరుగారికి ఒక వారం తెల్లవారకముందే డ్యూటీ, ఇంకో వారం అర్ధరాత్రికి ఇల్లు చేరడం. ‘ఉదయం 5 గంటలకు’ అని నేను రాసిచ్చిన కాగితం ఆయన జేబులోనే నలిగిపోయింది. డ్యూటీ దిగాక కూర్చుందామంటే, టంగుటూరు, సింగరాయకొండ, కందుకూరు అని పొద్దంతా అరిచిన గొంతు అప్పటికి గరగరలాడుతుంది. చివరికి గడియారం సంగతి వదిలేసి, పళ్లు తోముకోవడానికీ కాఫీకీ మధ్యన అని ముడిపెట్టాం. ఏ వేళకు లేచినా ఆ రెండూ తప్పవు కదా! మీ రోజులోనూ అలాంటి సందు ఒకటి ఉంటుంది. కుళాయి దగ్గర బిందెలు నిండాక కావచ్చు, పిల్లలు బడికి వెళ్లాక కావచ్చు. దాన్ని పట్టుకోండి.

లేవగానే ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఆ నీళ్లు స్వరతంత్రులను తాకవు, అన్నవాహికలోకి పోతాయి. ఒంట్లో తడి ఉంటేనే తంత్రుల పైపొర మెత్తగా కదులుతుంది కాబట్టి, పాడబోయే ముందు చెంబెడు తాగేకన్నా రోజంతా కొద్దికొద్దిగా తాగడం మేలు. నిద్ర లేచిన గొంతు కాస్త ఉబ్బి, బొంగురుగా ఉంటుంది. రాత్రి పొద్దుపోయాక చేపల పులుసుతో కడుపారా తిని వెంటనే నడుం వాల్చిన రోజున ఆ పులుపు గొంతుదాకా ఎగదన్ని మరీ బాధిస్తుంది. నెల్లూరు చేపల పులుసు మానమని చెప్పేంత కఠినుణ్ని కాను. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉంచండి, అంతే.

మొదటి 4 నిమిషాలు పెదవులు మూసి ‘మ్’ అనండి. మీకు హాయిగా ఉన్న కింది స్వరంలో, పక్క గదికి వినబడనంత మెల్లగా. పెదవులు, ముక్కు పక్కన ఎముకలు జుమ్మనాలి. గొంతులో గీసుకున్నట్టు ఉంటే ఇంకా తగ్గించండి. ఖళ్లు ఖళ్లున సకిలించి గొంతు సవరించుకునే అలవాటుంటే ఇవాళే మానుకోండి. తంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. దానికి బదులు గుటక మింగితే చాలు.

తరువాత 6 నిమిషాలు ఒక్క షడ్జమమే. ఇక్కడ తొందర వద్దు. శ్రుతి పెట్టె గానీ ఫోనులో తంబురా గానీ పెట్టుకుని, అకారంలో, అంటే ‘ఆ’ అని సాగదీస్తూ, ‘సా’ నిలపండి. ఒకటో శ్రుతిలో పాడే మగగొంతు షడ్జమం దగ్గర సెకనుకు దాదాపు 131 సార్లు కంపిస్తుంది. మీరు 133 దగ్గర ఉన్నారనుకోండి, తంబురాకూ మీకూ మధ్య సెకనుకు రెండుసార్లు ఒక ఊపు వినబడుతుంది, ఉయ్యాల ఊగినట్టు. మీరు సర్దుకుంటున్నకొద్దీ ఊపు నెమ్మదిస్తుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ క్షణంలో మీ గొంతు మీకే వినబడనట్టు తోస్తుంది. చాలామంది అక్కడే కంగారుపడి గట్టిగా అందుకుంటారు, శ్రుతి మళ్లీ చెదురుతుంది. వినబడకపోతే మీరు సరైన చోటే ఉన్నారు. అలాగే ఉండండి.

ఇక 7 నిమిషాలు సరళి స్వరాలు, అంటే స రి గ మ ప ద ని స అని ఎక్కి దిగే తొలి పాఠాలు. పురందరదాసు పెట్టాడని చెప్పుకునే ఈ పాఠాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి, మేళకర్తలనే మూల రాగాల వరుసలో అది 15వది. స నుంచి రి చిన్న అడుగు, రి నుంచి గ పెద్ద అంగ, గ నుంచి మ మళ్లీ చిన్న అడుగు. ప నుంచి పై స వరకూ అచ్చంగా అదే నడక. అంటే కింద నేర్చినది పైన అప్పజెప్పాలన్నమాట. ఎనిమిది లెక్కల ఆదితాళంలో మొదటి వరుస ఒక్కటే, రెండు కాలాల్లో, అంటే ఒకసారి నెమ్మదిగా, ఒకసారి దానికి రెట్టింపు వేగంతో. తరువాత అదే అకారంలో. స్వరాల పేర్లు పోగానే దిగేటప్పుడు గాంధారం (గ) జారి రిషభం (రి) వైపు పడుతుంది, గమనించండి. పడితే ‘మ గ, మ గ’ అని నాలుగుసార్లు అని ముందుకు సాగండి.

‘బాలుగారు శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు కదా, మాకెందుకండీ ఈ వరుసలు?’ అని నెల్లూరు కుర్రవాళ్లు అడుగుతుంటారు. క్రమపద్ధతిలో నేర్చుకోలేదని ఆయనే చెప్పుకున్నారు, నిజమే. అయితే ఆయన తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. హరికథ చెప్పే ఇంట్లో పెరిగిన చెవి అది. టీవీ మోతలో పెరిగిన మన చెవులకు సరళి తప్పదు.

చివరి 3 నిమిషాలు మీకు నచ్చిన పాటలో ఒక్క పల్లవి, మీ శ్రుతిలోనే. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇరవయ్యేళ్ల వయసులో ఒక శ్రీరామనవమి పందిట్లో శ్రుతి పెట్టె నా గొంతుకు మించి రెండున్నరకు పెట్టి ఉంటే, తగ్గించమనడం నామోషీ అనుకుని రాత్రంతా పాడాను. మూడు వారాలు సైగలతో బతికాను. మీకు బొంగురు రెండు మూడు వారాలు దాటితే కషాయాలు కట్టిపెట్టి గొంతు డాక్టరును కలవండి. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లకు దగ్గర్లో ఇల్లున్నవాళ్లు ఆకు కాల్చే రోజుల్లో కిటికీ మూసుకుని కూర్చోండి.

ఒక రోజు తప్పితే మరునాడు నలభై నిమిషాలు చేయకండి, 20 చాలు. ఆదివారం ఒక్కసారి మొదటి వరుసను ఫోనులో రికార్డు చేసి దాచండి. వెంటనే వినవద్దు, నాలుగు ఆదివారాలయ్యాక వరసగా వినండి. వచ్చే పాఠం జంట స్వరాలు.

అన్నట్టు, పోయిన వారం ఆ కండక్టరుగారి బస్సెక్కాను. అరవడం మానేసి, ‘టంగు’ షడ్జమంలోనూ ‘టూరు’ పంచమం (ప)లోనూ సాగదీసి పిలుస్తున్నారు. వెనక సీటుదాకా చక్కగా వినబడింది. పంచమం ఒక వెంట్రుకవాసి తగ్గింది. దిగేటప్పుడు చెప్పాను.