మడత బెంచీ బల్లగా మారట్లేదా? ముందు బోల్టు, తర్వాత నేల, చివరికే చెక్క

చూడటానికి మామూలు బెంచీయే. వీపు ఆనుకునే పలకల్ని వెనక్కి వాల్చి పిన్ను గుచ్చితే అవే అడ్డంగా నిలబడి బల్ల అవుతాయి. అలాంటి బెంచీలు రెండింటిని వీపులు ఎదురెదురుగా కలిపి పెడితే రెండు సగాలు అతుక్కుని ఆరుగురు కూర్చుని తినే బల్ల తయారవుతుంది. పెరట్లో చోటు తక్కువ ఉన్నవాళ్లకి ఇంతకన్నా అక్కరకొచ్చే సామాను లేదని నా నమ్మకం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, చేసేది వడ్రంగం పని. ఇలాంటి బెంచీలు చేశాను, చేసినవాటికన్నా ఎక్కువే బాగుచేశాను. ఇటు గుణుపురం నుంచి అటు గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డు దాకా చూసినదాంట్లో ఒక్క మాట గట్టిగా చెప్పగలను. ఇది మొరాయించగానే అందరూ చెక్క మీద పడతారు. చిత్రిక పట్టేస్తారు, కోసేస్తారు. కానీ జబ్బు చాలాసార్లు ఇరుసు బోల్టులోనో, బెంచీ నిలబడ్డ నేలలోనో ఉంటుంది. చెక్కని ఒకసారి కోస్తే మళ్లీ అతకలేం. అందుకే దాని జోలికి చివర్న వెళ్లాలి.

కింద కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. పలకలు బిగించి ఉన్న అటూ ఇటూ రెండు చెక్కల్ని చేతులు అంటున్నాను. చేయి నిలువు కాలుకి ఏ బోల్టు మీద తిరుగుతుందో అది ఇరుసు బోల్టు. వాల్చిన తర్వాత కదలకుండా పట్టి ఉంచేది పిన్ను.

వానాకాలం రాగానే మడత పడటం లేదు

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఆషాఢంలో రథయాత్రకి చుట్టాలు దిగుతారు, అందరికీ పెరట్లో వడ్డిద్దామనుకుంటే సరిగ్గా ఆ రోజే వీపు కదలదు. ఇద్దరు చెరోవైపు పట్టి గుంజుతారు, బెంచీ చేయి చీలుతుంది. దయచేసి గుంజకండి.

ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి. పిన్ను తీసేసి వీపుని సగం దాకా వాల్చి, మీ అరచేయి అడ్డంపెట్టి మెల్లగా వదలండి. బాగున్న బెంచీ అయితే తన బరువుకి తానే దిగుతుంది. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచిపోయిందంటే ఇరుసు బిగుసుకుంది. కొంతదూరం తేలిగ్గా వచ్చి ఒకచోట ఠక్కున ఆగిందంటే చెక్కకి చెక్క తగులుతోంది. ఈ రెండూ వేరువేరు జబ్బులు, మందులూ వేరే.

ఇరుసు బిగుసుకుంటే నట్టుని అరచుట్టు వదులు చేసి చూడండి. చాలా బెంచీలకి ఇంతే సరిపోతుంది. వానల్లో చేయీ కాలూ రెండూ మందం పెరుగుతాయి, ఎండాకాలంలో బిగించిన నట్టు వాటిని నొక్కేస్తుంది. వదులు చేసిన నట్టు తిరిగే కొద్దీ ఊడిపోకుండా లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్టు వేసుకోండి. చేయికీ కాలుకీ మధ్య ఇత్తడి వాషర్ లేకపోతే ఒకటి పెట్టండి. మన బజారులో ఇత్తడి అంటే కొందరు షాపువాళ్లకి తెలియకపోవచ్చు, ఒడియాలో పిత్తల అని అడగండి.

నట్టే తిరగకపోతే తుప్పు పట్టిందన్నమాట. తుప్పు వదిలించే స్ప్రే గానీ కాస్త డీజిల్ గానీ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న బోల్టు తల మీద చెక్కముక్క అడ్డంపెట్టి చిన్నగా తట్టి, అప్పుడు పానా పట్టండి. అలా ఊడదీసిన బోల్టుని మళ్లీ వాడొద్దు. 10 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ బోల్టు కొత్తది వేసేయండి.

ఇక చెక్కకి చెక్క తగిలే సంగతి. తగులుతుందనుకున్న అంచుకి సుద్దముక్క రుద్ది వీపుని ఒకసారి ఆడించండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే రాసుకుంటోంది. సాధారణంగా అది వీపు పలకల్లో అన్నిటికన్నా కిందిది, కూర్చునే పలక వెనక అంచుకి తగులుతుంది. ఎందుకంటే చెక్క పొడవు వైపు దాదాపు పెరగదు, వెడల్పు వైపే ఉబ్బుతుంది. ఆరంగుళాల టేకు పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. పలకల మధ్య పావు అంగుళం సందు వదిలితే ఆ ఉబ్బు సందులోనే ఇమిడిపోతుంది. అందంగా ఉంటుందని సందు లేకుండా ఆనించి బిగిస్తే నాలుగు పలకల ఉబ్బూ ఒక్కచోట కలిసి కింది పలకని ముందుకి నెడుతుంది.

అప్పుడేం చెయ్యాలి? ఆ పూటకి కొవ్వొత్తి తీసుకుని రాసుకునే అంచులకి బాగా రుద్దండి, పని జరుగుతుంది. చిత్రిక మాత్రం పట్టకండి. పుష్యమాసం దాకా ఆగండి. చెక్క ఆరాక పలకలు ఊడదీసి, ఒక్కో అంచు కొద్దిగా తగ్గించి సందులు వదిలి మళ్లీ బిగించుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా పెరట్లోనే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని ఊడ్చేసింది. మా పెరట్లో పనసచెట్టు కూలిపోయింది. దాన్ని వృథా చెయ్యలేక కోయించి, రెండు నెలలు తిరక్కుండానే ఆ కర్రతో మడత బెంచీల జత చేశాను. పచ్చి కర్ర నీడలో ఆరాలంటే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందన్నది మా వడ్రంగుల లెక్క. ఆ లెక్క తెలిసీ ఆగలేదు. మరుసటి శ్రావణంలో వీపు పట్టేసింది. పట్టిన చోటల్లా చిత్రిక పట్టాను, చక్కగా తిరిగింది. వేసవి వచ్చేసరికి పలకల మధ్య చిటికెనవేలు దూరేంత సందు, గ్లాసు పెడితే ఊగే బల్ల. ఆ పలకలు రెండు మార్చక తప్పలేదు.

బల్లగా పెట్టినప్పుడు ఊగుతోంది

చెంబులో నీళ్లు పెట్టి బల్ల అంచుని వేలితో నొక్కండి, నీళ్లు కదిలిపోతాయి. అందరూ చేసే పని నట్టు బిగించడం. బిగిస్తే ఆ పూటకి ఊగదు, కానీ మడతా పడదు. వారానికి మళ్లీ మామూలే.

బల్ల అంచుని ఒక చేత్తో పైకీ కిందికీ ఆడిస్తూ, రెండో చేతి బొటనవేలు ఇరుసు బోల్టు తల మీద పెట్టండి. బోల్టు నిలిచి ఉండి చెక్క మాత్రమే కదులుతుంటే కన్నం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందని అర్థం. బోల్టు ఊడదీసి చూస్తే తెలుస్తుంది. బరువు మోసే వైపు కన్నం అంచు నున్నగా, నల్లగా, లోపలికి తొలుచుకుపోయి ఉంటుంది. పక్కనే ఉన్న పిన్ను కన్నం కూడా చూడండి, నా అనుభవంలో ముందు అరిగేది అదే. పిన్ను రోజూ తీసి పెట్టేది, బరువంతా దాని మీదే.

బాగుచేసే పద్ధతి ఇది. అరిగిన కన్నాన్ని ఒక అంగుళం గుండ్రంగా పెద్దది చెయ్యండి. బాగా ఆరిన గట్టి కర్రతో, సాలు గానీ నల్లమద్ది గానీ, ఆ కన్నంలో బిగుతుగా దిగే బిరడా చెక్కండి. రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ జిగురు కన్నం లోపలా బిరడాకీ రాసి, చెక్కసుత్తితో దింపి, ఒక రోజు ముట్టుకోకండి. ఆ తర్వాత మధ్యలో కొత్త కన్నం వెయ్యాలి. చేయీ కాలూ రెండింటినీ ఒకదాని మీద ఒకటి బిగించి ఒకేసారి తొలిస్తేనే కన్నాలు ఒకే గీతలో వస్తాయి. విడివిడిగా తొలిస్తే వంకర పోవడం ఖాయం.

రోజూ వాడే హోటలు, దాబా బెంచీలకి ఇదీ చాలదు. బిరడా కన్నంలో ఇత్తడి గొట్టం ముక్క దింపి, దాని లోపల బోల్టు తిరిగేలా చెయ్యండి. అప్పుడు లోహం మీద లోహం తిరుగుతుంది, చెక్క అరగదు. ఖర్చు కొద్దిగా ఎక్కువైనా నేను ఇప్పుడు కొత్తవన్నీ ఇలాగే చేస్తున్నాను.

రెండు సగాలు కలిపితే ఒకటి ఎత్తు, ఒకటి పల్లం

రెండు బెంచీలనీ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టండి. మెట్టు అదే చోట ఉండిపోతే తప్పు నేలది. మెట్టు బెంచీతోపాటు వెళ్తే తప్పు బెంచీది. రెండు నిమిషాల పని. ఇది చెయ్యకుండా కాళ్లు కోసినవాళ్లని చూశాను, ఆ తర్వాత అవతలి బెంచీ కాళ్లు కూడా కొయ్యాల్సి వచ్చింది.

నేల తప్పయితే మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూసి, పల్లం ఉన్న కాళ్ల కింద కడప రాయి ముక్కలు దిమ్మిస చేసి పాతండి. బెంచీ తప్పయితే మొదట పిన్ను కన్నం చూడండి. కన్నం రెండు మిల్లీమీటర్లు కిందికి పడినా బల్ల బయటి అంచు దానికన్నా చాలా ఎక్కువ వాలుతుంది.

ఒక్కటే వాడుతుంటే ముందుకి పల్టీ కొడుతోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బల్లగా మార్చినప్పుడు పలకలు కాళ్లు దాటి బయటికి వస్తాయి. సీటు మీద మనిషి ఉన్నంతసేపూ ఆ బరువు వెనక్కి లాగి పట్టి ఉంచుతుంది. ఆయన లేచి, బల్ల అంచు మీద చేతులు ఆనించాడో, పిల్లాడు ఎక్కాడో, మొత్తం తిరగబడుతుంది. వేడి సాంబారు గిన్నె ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కారణం కాళ్ల అడుగున నేలకి ఆనే అడ్డపట్టీ పొట్టిగా ఉండటం. వాల్చిన బల్ల బయటి అంచుకి దాదాపు నిలువుగా కిందిదాకా అడ్డపట్టీ రావాలి. లేకపోతే పాత పట్టీ పక్కన కొత్త పట్టీ ఆనించి, రెండు బోల్టులతో బిగించి పొడిగించండి. అందాకా జతగానే వాడండి. రెండు బల్ల సగాల అడుగున చెరో వైపు తలుపు గడియ లాంటి కొక్కెం పెట్టి కలిపేయండి, ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి.

స్క్రూల చుట్టూ నల్ల మరకలు

చెక్క కుళ్లిందని భయపడతారు. కాదు. సాలు, మద్ది, టేకు లాంటి కర్రలో వగరు పదార్థం ఉంటుంది. తడి తగిలితే అది ఇనుముతో కలిసి నల్లబడుతుంది. మామూలు ఇనుప స్క్రూలు తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేస్తే మరక పెరగదు. గోపాల్‌పూర్, సోనాపూర్ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మామూలు 304 రకం స్టీలుకి కూడా టీ రంగు మచ్చలొస్తాయి, అక్కడ 316 రకం అడగండి. ఉన్న మరక పోవాలంటే ఆక్సాలిక్ ఆసిడ్ పొడిని నీళ్లలో కలిపి రాసి, బాగా కడిగెయ్యాలి. అది విషం. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, పిల్లల్ని ఆ చాయలకి రానివ్వకండి.

కాళ్ల అడుగు మెత్తబడింది, చెదలు పట్టాయి

కాలు అడుగున చెక్క నార తెరుచుకుని ఉంటుంది, స్ట్రాలాగా నీళ్లు పీలుస్తుంది. అక్కడ మెత్తబడితే చెదలకి దారి దొరికినట్టే. నెలకోసారి బెంచీ పక్కకి వాల్చి, కాళ్ల వెంబడి మట్టి గొట్టాలు పైకి పాకాయేమో చూడండి. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే లోపలికి దిగినంత మేరా కోసి, ఆ కొలతకి గట్టి కర్ర అతికించాలి. పైపైన రంగు వేసి దాస్తే ఏడాదిలో కాలు మొత్తం పోతుంది.

దీనికి మన దగ్గర మంచి మందుంది, జీడిపిక్క పెంకు నూనె. పలాస జీడి ఫ్యాక్టరీలు దగ్గరే కాబట్టి దొరుకుతుంది. పడవల చెక్కకి పూర్వం నుంచి పూసేదే. ఆరిన కాళ్ల అడుగున రెండు మూడు పూతలు వేసి, ఒక్కో పూతకి మధ్య బాగా ఆరనివ్వండి. అయితే ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది, పొక్కులొస్తాయి. అడుగు నుంచి జానెడు ఎత్తు వరకే వాడండి. మనుషులు కూర్చునే పలకకీ, అన్నం పెట్టుకునే బల్లకీ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

పలకలకి అవిసె నూనె చాలు, వానలకి ముందొకసారి, తర్వాతొకసారి. నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే వాటంతటవే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

పిల్లల వేళ్లు నలుగుతున్నాయి

చేయీ కాలూ కత్తెరలా మూసుకునే చోట ఇది జరుగుతుంది. మడత పడ్డాక ఆ రెండింటి మధ్య కనీసం అంగుళం సందు మిగిలేలా, కాలు లోపలి వైపు చిన్న ఆగుడు చెక్క బిగించండి. చేయి దానికి తగిలి ఆగిపోతుంది, వేలు నలగదు. పిన్నుని గొలుసుతో కాలుకి కట్టెయ్యండి. పిన్ను పోయిందని మేకు గుచ్చి వాడే ఇళ్లున్నాయి. మేకు వంగిందంటే బల్ల ఒక్కసారిగా కిందికి పడుతుంది.

తుపాను హెచ్చరిక వస్తే బల్లగా వదిలేయకండి, ఆ పలకలకి గాలి కింద నుంచి పట్టుకుని లేపేస్తుంది. రెండింటినీ బెంచీలుగా మార్చి, గోడ వారగా బోర్లా పడుకోబెట్టి, కొబ్బరి తాడుతో కలిపి కట్టండి. గాలి తగ్గాక విప్పి, ఇరుసు బోల్టులు నాలుగూ ఊడదీసి తుడిచి, చుక్క నూనె వేసి మళ్లీ బిగించండి.