పాత ఫ్యాన్ స్టాండు మీద క్రాష్ సింబల్

డ్రమ్ కిట్ ఎలాగో కష్టపడి కొంటాం, కర్రతో కొట్టే గుండ్రటి లోహపు పళ్లేలు, అదే సింబల్స్, ఒక క్రాష్, ఒక రైడ్ కూడా ఎవరి దగ్గరో దొరుకుతాయి, తీరా వాటిని నిలబెట్టే స్టాండ్ల ధర అడిగేసరికి గుండె జారిపోతుంది. తిరుపతిలో చర్చిలోనో, గంగ జాతర ఆర్కెస్ట్రాలోనో వాయించే పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు, అందుకే రాస్తున్నా.

ముందు సెకండ్ హ్యాండ్ వెతకండి. కొత్త కిట్ కొన్న చర్చిల్లో, ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర పాత స్టాండ్లు ఓ మూలన పడి ఉంటాయి, అడిగితే ఇచ్చేస్తారు. తుప్పు చూసి వద్దనకండి. పైన థ్రెడ్ అరిగిందా, పైపుల జాయింట్‌లో ప్లాస్టిక్ బుష్ పగిలిందా, ఈ రెండూ చూస్తే చాలు.

దొరక్కపోతే గుజిరీ అంగడికి పోయి, మోటారు కాలిపోయిన పెడస్టల్ ఫ్యాన్ అడగండి. తూకానికే ఇస్తారు. అంత బరువు మోటారును మోయడానికి చేసిన అడుగు అది, ఎత్తు పెంచుకునే నాబ్ కూడా దానికే ఉంటుంది, కిలో పైచిలుకు ఉండే 16 అంగుళాల క్రాష్ దానికి లెక్కే కాదు. అడుగు మాత్రం బరువైన ఇనుముదే చూసుకోండి. ఫ్యాన్ దొరక్కపోతే పైపులతోనే చేయించుకోవచ్చు. ముప్పావు అంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపులోకి అరంగుళం పైపు మామూలుగా దూరుతుంది, లోపలి అతుకు అడ్డొస్తే ఆకురాయితో రుద్దాలి. బయటి పైపుకు రంధ్రం వేసి నట్ వెల్డ్ చేయించి, అందులో బోల్టు బిగిస్తే ఎత్తు నిలుస్తుంది. కింద మూడు కాళ్లు, కొనకూ కొనకూ మధ్య రెండడుగులు తగ్గకుండా పెట్టించండి. వెల్డింగ్ పడే చోట జీఐ పూత గ్రైండర్‌తో తీసేయమని చెప్పండి, ఆ జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

ఇక అసలు పని పైభాగంలో ఉంది. నా మొదటి స్టాండుకు ఉత్త రాడ్ మీద రెండు స్టీల్ వాషర్లు వేసి వింగ్ నట్ గట్టిగా బిగించేశాను. కొన్ని నెలల తర్వాత విప్పి చూస్తే రైడ్ మధ్య గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా ఒక పక్కకు సాగిపోయింది, రాడ్ థ్రెడ్ లోపలంతా గీతలు దించింది, కొన్నాళ్లకు అక్కణ్ణుంచే వెంట్రుకంత చీలిక మొదలైంది. అలాంటి రైడ్ నేను మళ్లీ కొనలేకపోయాను. కాబట్టి ఇనుము సింబల్‌కు ఎక్కడా తగలకూడదు.

8 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్ జానెడు ముక్క తీసుకోండి. మీవైపు కొద్దిగా వంచాకే పైపు కొనకు వెల్డ్ చేయించండి, సింబల్ వాలుగా కూర్చుంటుంది. దాని మీద వరుసగా ఒక నట్, వెడల్పు వాషర్, ఫెల్ట్ (మందపాటి ఒత్తు ఉన్ని బిళ్ల), సింబల్, మళ్లీ ఫెల్ట్, ఆ పైన నట్. సింబల్ దూరే చోట రాడ్‌కు ప్లాస్టిక్ ట్యూబు తొడగాలి. మేస్త్రీలు నీళ్లు పోసి లెవెల్ చూసే ట్యూబు ఉంటుంది కదా, అది సరిపోవచ్చు. సింబల్ రంధ్రం ఇంచుమించు అరంగుళం ఉంటుంది కాబట్టి ట్యూబు మందం ఎక్కువైతే దూరదు, రాడ్ ముక్క వెంట తీసుకుపోయి తొడిగి చూసే కొనండి. ఫెల్టుకు పాత కార్పెట్ ముక్కలు రెండు పొరలు వేసినా నడుస్తుంది, కానీ చెన్నై పోయే పని పడితే అసలు ఫెల్టులే తెచ్చుకోండి, పెద్ద ఖర్చు కాదు. పైన నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగు ఉండే నట్) వాడితే బిగించకపోయినా వదిలిన చోటే నిలబడుతుంది. వేలితో అంచు నొక్కి వదిలితే సింబల్ ఊయలలా ఊగి తనంతట తానే ఆగాలి, అంత వదులు ఉంచండి.

హైహ్యాట్, అంటే కాలితో నొక్కితే ఒకదానికొకటి తగిలే జంట సింబల్స్, దాని స్టాండు మాత్రం కొనుక్కోవాల్సిందే, అందులో స్ప్రింగు, పెడల్, గొలుసు అన్నీ కలిసి పనిచేయాలి, వెల్డింగ్ షాపులో కుదిరే పని కాదు.

జాతర స్టేజీల మీద చెక్కలు ఊగుతుంటాయి. 20 అంగుళాల రైడ్ రెండు కిలోలు దాటుతుంది కాబట్టి అది వాలిన వైపే ఒక కాలు వచ్చేలా స్టాండు తిప్పి పెట్టండి, అడుగున చిన్న ఇసుక మూట వేయండి.